పలనాటి బ్రహ్మనాయుడు

కృష్ణానదికి దక్షిణాన, నల్లమల కొండలకు తూర్పున విస్తరించిన సీమ పలనాడు. గురజాల, మాచర్ల, కారెంపూడి, పిడుగురాళ్ళ దీనిలోని ముఖ్య స్థలాలు. చిరకాలం గుంటూరు జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2022లో నరసరావుపేట కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది. నేడు అక్కడికి వెళ్ళినవారికి కనుచూపు మేర పత్తిచేలు, కళ్ళాలలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనిపిస్తాయి. ఈ పచ్చదనం ఇటీవలిదే. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు విడిచిన తరువాతనే పలనాటి నేలలో చాలా భాగానికి సాగునీరు అందింది. అంతకు పూర్వం అది వానకు ఎదురుచూసే జొన్నచేల సీమ. నాపరాళ్ళ నేల, ముళ్ళపొదలు, వేసవిలో ఎండిపోయే వాగులు, వాటి మధ్య పశువుల మందలు. మిరపకాయ అయితే మన దేశానికి పోర్చుగీసువారి రాకతో పదహారవ శతాబ్దంలో వచ్చింది కనుక మనం చెప్పుకోబోయే మహాపురుషుడు దాని రుచి ఎరుగడు.

ఆ మహాపురుషుడు బ్రహ్మనాయుడు. పన్నెండవ శతాబ్దం వాడు. పలనాటి యుద్ధ కథలో ఆయన పేరు వినని తెలుగువారు అరుదు. అయితే యుద్ధం పేరు చెప్పగానే స్ఫురించే ఈ వ్యక్తి జీవితంలో అధిక భాగం యుద్ధాన్ని తప్పించడానికి చేసిన ఒప్పందాలతోనే గడిచింది. ఆ ఒప్పందాలు ఎలా కుదిరాయి, ఎందుకు నిలవలేదు అన్నది తెలుసుకుంటే గాని ఆయన జీవితం అర్థం కాదు.

బ్రహ్మనాయుని గురించి మనకు తెలిసినది ప్రధానంగా రెండు మార్గాలలో వచ్చింది. మొదటిది వీరవిద్యావంతులు తరతరాలుగా గానం చేస్తున్న వీరగాథ. రెండవది శ్రీనాథుని రచనగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర. మంజరీద్విపదలో సాగిన ఈ కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో ప్రకటించారు. యుద్ధం జరిగిన రెండు వందల సంవత్సరాలకు పైగా గడిచిన తరువాత పుట్టిన కావ్యమిది. కనుక ఇందులో చరిత్ర ఎంత, వీరపూజ ఎంత అని వివేచన చేస్తూ చదవాలి. యుద్ధం 1182 ప్రాంతంలో జరిగిందని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు.

ఆ కాలంలో కృష్ణకు దక్షిణాన ఉన్న తీరాంధ్రంపై వెలనాటి చోడులు పెత్తనం చేసేవారు. చందవోలు వారి రాజధాని. హైహయ వంశానికి చెందిన అనుగురాజు తన పరివారంతో ఉత్తరదిశ నుండి ఈ ప్రాంతానికి వచ్చాడు. వెలనాటి రాజు తన కుమార్తె మైలమదేవిని అతనికిచ్చి వివాహం చేసి, పలనాటిని అరణంగా ఇచ్చాడు. అనుగురాజు గురజాల రాజధానిగా పాలన సాగించాడు. అతని వెంట వచ్చిన మంత్రి దొడ్డనాయుడు. ఆయన కుమారుడే బ్రహ్మనాయుడు.

అనుగురాజుకు ముగ్గురు భార్యలు. మైలమదేవికి నలగామరాజు, విజ్జలదేవికి పెదమలిదేవుడు, పినమలిదేవుడు, బాలమలిదేవుడు జన్మించారు. భూరమాదేవి కుమారులలో నరసింగరాజు ముఖ్యుడు. ఒక చిన్న రాజ్యం, ముగ్గురు తల్లుల బిడ్డలు, వారిలో పెద్దవాడికి అండగా చందవోలులో మేనమామల బలం. తండ్రి కన్నుమూయగానే ఈ ఇంట కలహం పుడుతుందని చెప్పడానికి జ్యోతిషం అవసరం లేదు. నలగామరాజు సింహాసనమెక్కాడు. బ్రహ్మనాయుడు మంత్రిత్వం వహించి కొంతకాలం అందరినీ ఒక తాటిపై నడిపాడు.

ఈ దశలో నాయకురాలు నాగమ్మ రంగప్రవేశం చేసింది. జిట్టగామాలపాడులో పెరిగిన ఈమె సంపన్నురాలు, విద్యావంతురాలు, అసాధారణమైన రాజనీతిజ్ఞురాలు. తన ఊరి మీదుగా వెళ్ళిన రాజ పరివారానికి ఘనంగా ఆతిథ్యమిచ్చి, ప్రతిఫలంగా ఏడు ఘడియలపాటు మంత్రి పదవిని కోరిందని, ఆ ఏడు ఘడియలు చివరకు శాశ్వతమైనాయని ప్రసిద్ధమైన కథ. పన్నెండవ శతాబ్దంలో ఒక స్త్రీ, రాజకుటుంబంతో సంబంధం లేని స్త్రీ, రాజ్యాన్ని నడిపే మంత్రిణి కావడం చిన్న విషయం కాదు. వీరగాథను పాడినవారు మాచర్ల పక్షం వీరులను ఆరాధించేవారు కావడం చేత నాగమ్మ అందులో కుటిలురాలుగానే కనిపిస్తుంది. గురజాలవైపు నుండి ఈ కథను పాడినవారు ఉండి ఉంటే ఆమె చిత్రం మరొక విధంగా ఉండేది.

బ్రహ్మనాయుడు వైష్ణవుడు, చెన్నకేశవుని భక్తుడు. నాగమ్మ శైవ మతాభిమాని. వారి మధ్య విరోధానికి మతభేదం ఒక కారణమని కొందరు పండితులు భావించారు. అంతకంటె లోతైన భేదం మరొకటి ఉంది. బ్రహ్మనాయుడు కులాల మధ్య అడ్డుగోడలను అంగీకరించలేదు. మాల కులంలో జన్మించిన కన్నమను కుమారునిగా స్వీకరించి సేనానాయకుని చేశాడు. కన్నమదాసుగా ప్రఖ్యాతుడైన ఆ వీరుడు బ్రహ్మనాయుని సొంత కొడుకు బాలచంద్రునితో సమానంగా గౌరవం పొందాడు. బ్రహ్మనాయుని అనుచరులలో బ్రాహ్మణుడు మొదలు కుమ్మరి, కమ్మరి, చాకలి, మంగలి వరకు అన్ని వృత్తులవారు ఉన్నారు. వారందరినీ ఒకే చాపపై కూర్చుండబెట్టి, ఒకే వంటను వడ్డించి, తానూ వారితో కలిసి భుజించడం ఆయన ఏర్పరచిన ఆచారం. దానినే చాపకూడు అన్నారు. ఒకే ఊరిలో ఉంటూ ఒకరి గడప ఒకరు తొక్కని మనుషుల మధ్య ఆయన కుదిర్చిన ఒప్పందం ఇది. దీనికి తాటాకు పత్రం లేదు, సాక్షులు లేరు. చాప పరిచిన ప్రతిసారీ మళ్ళీ కొత్తగా కుదరవలసిన ఒప్పందం. ఆయన చేసిన ఒప్పందాలన్నింటిలో కాలానికి నిలిచినది ఇదొక్కటే కావడం గమనించదగినది.

నలగామరాజు కొలువులో నాగమ్మ మాట చెల్లుబాటు కావడంతో బ్రహ్మనాయుడు అక్కడ ఉండలేకపోయాడు. మలిదేవాదుల పక్షాన నిలిచి, రాజ్యంలో వారికి రావలసిన భాగాన్ని అడిగాడు. ఒక కొలువులో రెండు వర్గాలు కత్తులు దూసుకోవడం కంటె రెండు కొలువులు కావడం మేలని ఆయన భావించి ఉండాలి. పంపకం జరిగింది. గురజాల నలగామరాజుకు, మాచర్ల మలిదేవునికి దక్కాయి. ఇది మొదటి ఒప్పందం. చంద్రవంక ఒడ్డున ఉన్న మాచర్ల అచిరకాలంలోనే అభివృద్ధి చెందింది. అక్కడి చెన్నకేశవస్వామి ఆలయం బ్రహ్మనాయుని పేరుతో ముడిపడి నేటికీ పూజలందుకుంటూ ఉంది.

పంపకంతో శాంతి నెలకొనవలసింది. కాని రెండు రాజ్యాల మధ్య సహజమైన సరిహద్దు లేదు. ఒకే రకమైన నేల, ఒకే పశువుల మందలు, ఒకే కుటుంబాల బంధువులు అటూ ఇటూ ఉన్నారు. మాచర్ల సంపద పెరిగిన కొద్దీ గురజాలకు అసూయ, గురజాల బలం చూసి మాచర్లకు అనుమానం. పైగా ఇరుపక్షాలకు తీర్పు చెప్పగల మధ్యవర్తి లేడు. అధిపతి అనదగిన చందవోలు రాజు నలగామునికి తల్లివైపు బంధువు. అతని తీర్పును మాచర్లవారు ఎలా నమ్మగలరు? కాబట్టి వివాదాలు పంచాయితీకి వెళ్ళలేదు. పందానికి వెళ్ళాయి.

కోడిపందెం నాటి దొరలకు వినోదం మాత్రమే కాదు, పౌరుషానికి పరీక్ష కూడా. నాగమ్మ కవ్వించగా బ్రహ్మనాయుడు పందానికి అంగీకరించాడు. బ్రహ్మనాయుని కోడి చిట్టిమల్లు, నాగమ్మ కోడి శివంగిడేగ. ఓడిన పక్షం ఏడు సంవత్సరాలు రాజ్యం విడిచి వెళ్ళాలి, గడువు తీరిన తరువాత వారి రాజ్యం వారికి తిరిగి అప్పగించాలి అన్నది నియమం. తొలుత చిట్టిమల్లు గెలిచినా, తరువాతి పోరులో నాగమ్మ చేసిన మోసం వలన ఓడిందని వీరగాథ చెబుతుంది. మోసమో, దైవమో, కోడి శక్తి ఉడిగిపోవడమో, ఫలితం ఒక్కటే. మాచర్ల ఓడింది.

ఇక్కడ బ్రహ్మనాయుని స్వభావం స్పష్టంగా బయటపడుతుంది. ఆయన వద్ద సేన ఉంది, ఆయన మాటకు ప్రాణమిచ్చే కన్నమదాసు ఉన్నాడు, మోసం జరిగిందన్న ఆరోపణ ఉంది. పందాన్ని తోసిపుచ్చి కోట తలుపులు మూసుకోవడానికి ఇవి చాలు. అయినా ఆయన మాట తప్పలేదు. మలిదేవులను, పరివారాన్ని, పశువులను వెంటబెట్టుకొని మాచర్ల విడిచి వెళ్ళాడు. భారతంలో పాండవుల జూదం, అరణ్యవాసం గుర్తుకురాక మానవు. పలనాటి కథకు పలనాటి భారతమన్న పేరు రావడానికి ఇది ఒక కారణం. అయితే ఒక రాజ్య భవితను కోడికాలి కత్తికి అప్పగించిన మంత్రి వివేకాన్ని ప్రశ్నించకుండా ఉండలేము. మాట నిలుపుకోవడంలో ఆయన గొప్పవాడు. ఆ మాట ఇవ్వడంలో మాత్రం తొందరపడ్డాడు.

ప్రవాసులు మొదట మండాదిలో విడిది చేశారు. అక్కడ పశువుల మందలపై గురజాలవారు దాడి చేయించారని, ఆవులను కాపాడే పోరులో లంకన్న అనే గోపాలకుడు ప్రాణాలు విడిచాడని కథ. పలనాటి వీరుల ఉత్సవంలో మందపోరు అన్న పేరు దీనినే స్మరిస్తుంది. జొన్నచేల సీమలో ఆవులమంద అంటే ఇంటి ఆస్తి అంతా అన్నమాట. ఆ ఆస్తిపై దెబ్బ కొట్టినా బ్రహ్మనాయుడు పందెపు నియమాన్ని పట్టుకునే ఉన్నాడు. మరింత దూరం జరిగి, త్రిపురాంతకం ప్రాంతానికి వెళ్ళి, మేడపిలో స్థిరపడ్డాడు. ఏడు సంవత్సరాలు గడిచాయి.

గడువు తీరింది. ఒప్పందం ప్రకారం మాచర్ల తిరిగి రావాలి. అడగడానికి దూతగా ఎవరిని పంపాలి? బ్రహ్మనాయుడు చేసిన ఎంపిక ఆలోచనతో కూడినది. కొమ్మరాజు కుమారుడు అలరాజు మలిదేవుల పక్షంవాడు. అదే సమయంలో నలగామరాజు కుమార్తె పేరిందేవికి భర్త. అంటే గురజాలకు అల్లుడు. అల్లుని మాటను మామ కాదనలేడని, కాదన్నా అల్లునికి హాని తలపెట్టడని ఆశ. పరస్పర విరోధంలో ఉన్న రెండు వర్గాలకూ చెందిన మనిషినే మధ్యవర్తిగా నిలపడం మన పల్లెలలో పెద్దలు ఎరిగిన పద్ధతి.

అలరాజు గురజాల చేరి, నిండు కొలువులో మాచర్ల భాగాన్ని న్యాయంగా అడిగాడు. సమాధానం దొరకలేదు. ఒప్పందంలోని లోపం అప్పుడు తేటతెల్లమైంది. ఓడినవారు వెళ్ళిపోవాలన్న నియమాన్ని అమలు చేయడానికి గెలిచినవారి బలం ఉంది. గడువు తీరిన తరువాత రాజ్యం తిరిగి ఇవ్వాలన్న నియమాన్ని అమలు చేయడానికి ఎవరూ లేరు. ఏడేళ్ళు అనుభవించిన భూమిని మాట కోసం విడిచిపెట్టే రాజులు ఎందరు? తిరుగు ప్రయాణంలో చర్లగుడిపాడు వద్ద అలరాజు విషప్రయోగానికి గురై మరణించాడు. నాగమ్మ, నరసింగరాజుల ప్రేరణ వల్లనే ఇది జరిగిందని కథ. పేరిందేవి భర్తతో సహగమనం చేసింది. తండ్రికి, భర్తకు మధ్య సంధి నిలుస్తుందని ఎదురుచూసిన ఆ యువతి గురించి కథలో ఉన్నది కొద్దిమాటలే. అయినా పలనాటి స్త్రీలు వీరుల గుడిలో ఆమెను తలచుకోకుండా ఉండరు.

దూతను చంపడం ఏ కాలపు నీతిలోనూ క్షమించరానిది. దానితో యుద్ధం తప్పనిసరి అయింది. ఇరుసేనలు నాగులేటి ఒడ్డున ఉన్న కారెంపూడి వద్దకు చేరాయి. విచిత్రమేమంటే అక్కడ కూడా సంధి మాటలు నడిచాయి. శిబిరాలు వేసుకున్న తరువాత కూడా పెద్దలు ఆలోచించారు. ఎదుటి శిబిరంలో ఉన్నది అన్నదమ్ములు, మామలు, అల్లుళ్ళు. అలరాజు మరణం ఒక దుఃఖమైతే, యుద్ధం చేస్తే ఇంటింటా అదే దుఃఖం. బ్రహ్మనాయుడు సంధివైపే మొగ్గాడు.

ఆ సంధిని భగ్నం చేసినది నాగమ్మ కాదు. బ్రహ్మనాయుని కన్నకొడుకు. ఐతాంబ గర్భాన లేకలేక పుట్టిన బాలచంద్రుడు యుద్ధంలో మరణిస్తాడేమోనన్న భయంతో తల్లిదండ్రులు అతనిని మేడపిలోనే ఉంచి వచ్చారు. అతడు చెలికాండ్రతో బొంగరాలాట ఆడుతుండగా బొంగరం తగిలి ఒక వనిత గాయపడింది. పెద్దలు రణరంగంలో ఉండగా ఇక్కడ ఆటలాడుతున్నావా అని ఆమె ఎత్తిపొడిచింది. ఆ మాట ములుకులా నాటుకొంది. తల్లి వద్ద సెలవు తీసుకొని, భార్య మాంచాల వీరతిలకం దిద్ది సాగనంపగా, చెలికాండ్రతో కారెంపూడికి చేరుకున్నాడు. వెంట వస్తానన్న బ్రాహ్మణ మిత్రుడు అనపోతును వెనుకకు మళ్ళించబోగా అతడు దారిలో ఆత్మార్పణ చేసుకున్నాడన్నది కథలోని మరొక విషాదం. కొలువులో బాలచంద్రుడు సంధిని తీవ్రంగా నిరసించాడు. దూతను చంపినవారితో పొత్తు ఏమిటన్నది అతని ప్రశ్న. ఆ ప్రశ్నకు పెద్దల వద్ద బదులు లేదు. సంధి వలన బ్రతికే వందల మంది ఆ కొలువులో లేచి మాట్లాడలేదు, చనిపోయిన ఒక్క అలరాజు పక్షాన మాత్రం ఒక వీరుడు మాట్లాడాడు. యువకుల మనసులు అటు మొగ్గాయి.

యుద్ధం గురించి విస్తారంగా చెప్పవలసిన పని లేదు. కావ్యం ఆ పని చేసింది. బాలచంద్రుడు నరసింగరాజుపై పగ తీర్చుకొని, అసమాన శౌర్యంతో పోరాడి నేలకొరిగాడు. కన్నమదాసు సైతం యుద్ధంలో తన పరాక్రమం చూపాడు. మలిదేవులు పోయారు. అరవై ఆరుగురు వీరనాయకులను పలనాడు నేటికీ స్మరిస్తుంది. పేర్లు కథకెక్కని సైనికుల సంఖ్యను లెక్కించినవారు లేరు.

చివరకు గెలిచినది బ్రహ్మనాయుని పక్షమే. కాని గెలుపును అనుభవించడానికి ఆ పక్షంలో రాజు లేడు, కొడుకు లేడు. అప్పుడాయన తన జీవితంలో చివరిదైన రాజకీయ నిర్ణయం తీసుకున్నాడు. ఓడిన నలగామరాజును చంపలేదు. పలనాటి సింహాసనంపై తిరిగి అతనినే కూర్చుండబెట్టాడు. చేతికి చిక్కిన నాగమ్మను క్షమించి విడిచిపెట్టాడని కథ చెబుతుంది. ఇరవై ఏళ్ళ ముందు ఇదే ఏర్పాటు, అనగా ఒకే సింహాసనం, ఒకే పలనాడు, అందరికీ అందుబాటులో ఉన్నది కదా అని పాఠకునికి అనిపించక మానదు. ఆ తరువాత ఆయన రాజ్యవ్యవహారాలు విడిచి, పిడుగురాళ్ళ సమీపంలోని గుత్తికొండ బిలంలో ప్రవేశించి తపస్సులో లీనమయ్యాడని ప్రజల విశ్వాసం. ఆ గుహకు యాత్రికులు ఇప్పటికీ వెళతారు.

ఈ అంతఃకలహం వలన నిజంగా లాభపడినవారు పలనాటిలో ఎవరూ లేరు. పలనాటి వీరులతోపాటు వారికి అండగా నిలిచిన వెలనాటివారి బలమూ క్షీణించింది. ఓరుగల్లు నుండి కాకతీయ రుద్రదేవుని అధికారం కృష్ణకు దక్షిణంగా విస్తరించింది. మలిదేవులు ప్రవాసం గడిపిన త్రిపురాంతకంలోనే రుద్రదేవుని 1185 నాటి శాసనం ఉంది. కారెంపూడి యుద్ధానికీ ఆ శాసనానికీ మధ్య ఎడం సుమారు మూడు సంవత్సరాలు.

ఆధునిక కాలంలో బ్రహ్మనాయుని కథ నాటకంగా, చలనచిత్రంగా ప్రజలకు చేరింది. గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన పల్నాటి యుద్ధం 1947లో విడుదలైంది. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయునిగా, కన్నాంబ నాగమ్మగా నటించారు. 1966లో మరల వచ్చిన చిత్రంలో ఎన్.టి. రామారావు, భానుమతి ఆ పాత్రలు ధరించారు. అంటరానితనాన్ని తొలగించాలన్న ఉద్యమం సాగిన రోజులలో చాపకూడు సన్నివేశం ప్రేక్షకులను కదిలించింది. అమెరికా పండితుడు జీన్ రోఘైర్ పలనాటిలో వీరగాథను గాయకుల నోట విని, ఆంగ్లంలోకి అనువదించి 1982లో గ్రంథంగా ప్రకటించాడు.

కారెంపూడిలో ప్రతి సంవత్సరం కార్తిక అమావాస్య నాడు వీరుల ఉత్సవం ప్రారంభమవుతుంది. వీరుల వంశీయులమని చెప్పుకొనేవారు పలు గ్రామాల నుండి కొణతాలు మొదలైన ఆయుధాలను తెచ్చి, నాగులేటిలో స్నానం చేయించి, వీరుల గుడికి తీసుకువెళతారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులకు ఐదు పేర్లు. కథలో కోడిపోరు ముందు, రాయబారం చివర. ఉత్సవంలో రాయబారం రెండవ రోజుననే వస్తుంది. దాని మరునాడు, మందపోరు రోజున, గుడి ఆవరణలో చాపకూడు వడ్డిస్తారు. పత్తి ఏరి వచ్చినవారు, మిరపతోటల నుండి వచ్చినవారు, దూరపు పట్టణాల నుండి సెలవు పెట్టుకొని వచ్చినవారు ఏ కులమని అడగకుండా ఒకే వరుసలో కూర్చొని భోజనం చేస్తారు.